తెల్లసొనలో లేత పసుపు: తల్లి నిల్వలు పిండానికి చేరే దారి

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్ల పీజీ లేని సందు అరుదు. పొద్దున ఏడు కొట్టేసరికి ఆ వంటిళ్లలో ఆమ్లెట్ల కోసం ట్రేలకు ట్రేలు గుడ్లు ఖాళీ అవుతుంటాయి. ఆ హడావుడిలో ఎవరి కంటా పడని చిన్న సంగతి ఒకటుంది. తెల్లటి గిన్నెలోకి ఒక గుడ్డు కొట్టి కిటికీ వెలుతురులో పెడితే, తెల్లసొన పేరుకే తెల్లసొన అని తెలుస్తుంది. నీళ్లలా రంగు లేకుండా ఉండదు. లేత పసుపు, అందులో ఒక పిసరు ఆకుపచ్చ. ఆ ఛాయ రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం పచ్చగా వచ్చేది కూడా దీనివల్లే.

ఆ రంగు గుడ్డులోకి దానంతటది రాలేదు. పుట్టబోయే పిల్లకి 21 రోజులపాటు పెంకు దాటి ఒక్క మెతుకు లోపలికి పోదు. కావలసినవన్నీ ముందే సర్దిపెట్టే పనిలో భాగంగా పెట్ట దాన్ని అక్కడ ఉంచింది. కొట్లో కొనే గుడ్లు పుంజుతో కలవని పెట్టలు పెట్టినవే, వాటిలోంచి పిల్ల ఎప్పటికీ రాదు. అయినా పెట్ట సర్దే సామానులో ఏ లోటూ చేయదు. ఆమ్లెట్‌లో మనం తినేది ఆ సామానే.

ఈ సర్దుడు ఎలా జరుగుతుంది? పెట్ట గింజ తిన్నది, గింజలోని బి2 నెత్తురులో కలిసింది, నెత్తురులోంచి గుడ్డులోకి దిగింది అనుకుంటే పొరపాటు. నెత్తురులో బి2 ఒంటరిగా తిరిగితే కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపేస్తాయి. అందుకే గుడ్లు పెట్టే వయసుకొచ్చిన పెట్టలో, ఈస్ట్రోజన్ హార్మోన్ చెప్పినట్టు, కాలేయం ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ తయారుచేస్తుంది. దానిది మోత పని. బి2ను పట్టుకుని, దారిలో జారిపోకుండా అండాశయం దాకా మోసుకెళ్లి పచ్చసొనకి అప్పజెబుతుంది. తెల్లసొనలోకి వెళ్లే మోత ప్రోటీన్ గుడ్డు దిగే గొట్టంలోనే తయారవుతుంది.

లెగ్‌హార్న్ అనే జాతికి చెందిన కొన్ని కోళ్లలో ఒక జన్యులోపం కనిపించింది. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ ఆ లోపం వచ్చిన పెట్ట ఈ మోత ప్రోటీన్‌ను తయారుచేయలేదు. చూడ్డానికి పెట్టకి ఏ జబ్బూ ఉండదు. మేత బాగా తింటుంది, మేతలో బి2 కావలసినంత ఉంటుంది, గుడ్లు కూడా వేళకి పెడుతుంది. కానీ ఆ గుడ్డు పగలగొడితే తెల్లసొనలో పసుపు ఉండదు. పొదిగిస్తే పిండం పన్నెండు రోజులు మామూలుగా పెరిగి, 13వ రోజు ప్రాంతంలో చచ్చిపోతుంది. అదే గుడ్డులోకి ముందుగా సూదితో కాస్త బి2 ఎక్కిస్తే పిల్ల నిక్షేపంగా బయటికొస్తుంది.

తల్లి కంచం నిండుగా ఉంది, తల్లి ఒళ్లు బాగుంది, పిండానికి మాత్రం కరువు. తల్లి పోషణ గురించి జరిగే మాటల్లో దాదాపు అన్నీ కంచం దగ్గరే ఆగిపోతాయి. ఏం తినాలి, ఎంత తినాలి, ఏది తినకూడదు. తిన్నదానికీ అందినదానికీ మధ్య ఉన్న దారి గురించి ఎవరూ అడగరు. ఆ దారి గురించి ఈ కోడి చెప్పినంత సూటిగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ దారిని పట్టుకుని పోయినవాళ్లు బెంగళూరులోనే ఉన్నారు. ఊరికి అటు చివర, ఆటోవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, బయోకెమిస్ట్రీ విభాగంలో పి.ఆర్. అడిగ బృందం 1970ల నుంచి ఈ మోత ప్రోటీన్ మీద పనిచేసింది. కోడికి గుడ్డు ఉంది కాబట్టి సర్దిపెట్టుకుంటుంది, మరి కడుపులో పిల్లను మోసే జంతువుకి ఇలాంటి ఏర్పాటు అవసరమా అన్నది వాళ్ల ప్రశ్న. చూడి ఎలుకల నెత్తురులో అలాంటి ప్రోటీనే కనిపించింది. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునేలా ఎలుకకి టీకా వేస్తే గర్భం నిలవలేదు. 1982లో సైన్స్ పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. ఎలుక తిండి ఎవరూ తగ్గించలేదు. తెంపింది మోతను మాత్రమే.

పచ్చసొన లెక్క

అరవై గ్రాముల గుడ్డులో పచ్చసొన సుమారు 18 గ్రాములు. అందులో ఇంచుమించు మూడో వంతు కొవ్వు, ఆరో వంతు ప్రోటీన్, మిగిలినదాంట్లో ఎక్కువభాగం నీళ్లు. ఈ సరుకంతా తయారయ్యేది అండాశయంలో కాదు, కాలేయంలో. విటెల్లోజెనిన్ అనే పెద్ద ప్రోటీన్, కొవ్వు మూటలు అక్కడ కట్టి నెత్తురులోకి వదిలితే, పెరుగుతున్న అండం వాటిని లోపలికి లాక్కుంటుంది. గ్రాము కూడా లేని పచ్చసొన చివరి వారం, పది రోజుల్లో పూర్తి సైజుకి వస్తుంది. గుడ్లు పెట్టే కోడిని కోసినప్పుడు వరసగా చిన్నా పెద్దా పసుపు ఉండలు కనిపిస్తాయి కదా, ఒక్కొక్కటీ ఆ వారం పది రోజుల పనిలో ఒక్కో మెట్టు మీద ఆగిపోయిందన్నమాట.

పిండం దీన్ని మొదటి రోజు నుంచీ ఒకే తీరుగా తినదు. మొదట్లో దానికి ఆక్సిజన్ అందే ఏర్పాటు ఇంకా పూర్తికాదు, కొవ్వును మండించాలంటే ఆక్సిజన్ కావాలి. అందుకని మొదటి కొద్ది రోజులు గుడ్డులో కొంచెమే ఉన్న చక్కెర మీద బతుకుతుంది. పెంకు లోపల రక్తనాళాల పొర పరుచుకుని గాలి ఆడడం మొదలయ్యాక కొవ్వు మీద పడుతుంది. మొత్తం 21 రోజుల లెక్క తీస్తే, పిండం ఖర్చుపెట్టిన శక్తిలో 90 శాతం పైగా పచ్చసొన కొవ్వు నుంచే వస్తుంది.

పొదగడం పూర్తయ్యే ముందు, 19, 20 రోజుల్లో, మిగిలిన పచ్చసొన సంచిని పిల్ల తన పొట్టలోకి లాక్కుంటుంది. బెంగళూరు శివార్లలో హెసరఘట్ట దగ్గర కేంద్ర ప్రభుత్వ పౌల్ట్రీ సంస్థ ఉంది. అలాంటి చోట్ల నుంచీ, ప్రైవేటు హ్యాచరీల నుంచీ ఒక్కరోజు పిల్లలు చిల్లులు పెట్టిన అట్టపెట్టెల్లో ఊళ్లు దాటి పోతాయి. రెండు మూడు రోజులు మేత లేకున్నా అవి తట్టుకోగలవంటే పొట్టలో ఆ సంచి ఉండబట్టే. తల్లిని ఎప్పుడూ చూడని పిల్ల, తల్లి కట్టిచ్చిన సద్దిమూట మీద ప్రయాణం చేస్తుంటుంది.

రామనగర గుడ్లలో చక్కెర

మోత, నిల్వ అయ్యాక మూడోది వేళ. ఉన్న సరుకు ఎప్పుడు ఖర్చుపెట్టాలి అన్నది కూడా తల్లే రాసిపెట్టగలదు. దీనికి ఉదాహరణ కోసం బెంగళూరు నుంచి మైసూరు దారిలో యాభై కిలోమీటర్లు పోతే చాలు. హిందూపురం, మడకశిర వైపు రైతులకి కూడా రామనగర పట్టుగూళ్ల మార్కెట్ కొత్త కాదు.

పట్టుపురుగుల్లో ఏడాది పొడుగునా గుడ్డు వెంటనే పగిలే మైసూరు లాంటి జాతులు ఉన్నాయి. ఏడాదికి రెండు కాపులే వచ్చి, మధ్యలో గుడ్లు నెలల తరబడి నిద్రపోయే బైవోల్టైన్ జాతులూ ఉన్నాయి. నిద్రపోయే గుడ్డును నిద్రపుచ్చేది తల్లి. పట్టుపురుగు పెద్దదై రెక్కల పురుగుగా మారాక, ఆ ఆడదాని తల కింద ఉన్న ఒక నాడీ ముడి నుంచి హార్మోన్ ఒకటి వస్తుంది. అది అండాశయం మీద పనిచేసి, గుడ్లలోకి గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఎక్కువగా చేరేట్టు చేస్తుంది. గుడ్డు నిద్రలోకి జారుకోగానే ఆ గ్లైకోజెన్ సార్బిటాల్, గ్లిసరాల్‌గా మారిపోతుంది. ఆ రూపంలో ఉన్నంతకాలం పిండం పెరగదు, చలికీ చెడదు. కొన్ని నెలలు చలి తగిలాక సార్బిటాల్ మళ్లీ గ్లైకోజెన్ అవుతుంది, పెరుగుదల మొదలవుతుంది. గ్లైకోజెన్ ఇలా వెళ్లి ఇలా తిరిగొస్తుందని జపాన్‌లో 1950ల చివరే తేల్చారు.

అసలు వింత ఏమిటంటే ఈ తల్లి హార్మోన్ వదలాలా వద్దా అన్నది ఆమె తాను గుడ్డుగా ఉన్నప్పుడే నిర్ణయమైపోతుంది. బైవోల్టైన్ గుడ్డును 25 డిగ్రీల వెచ్చదనంలో, వెలుతురులో పొదిగిస్తే, అందులోంచి వచ్చిన ఆడది పెద్దయ్యాక నిద్రపోయే గుడ్లు పెడుతుంది. 15 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో పొదిగిస్తే వెంటనే పగిలే గుడ్లు పెడుతుంది. అమ్మమ్మ కాలం నాటి వాతావరణం మనవల చక్కెర ఖర్చును నిర్ణయిస్తున్నదన్నమాట.

రైతుకి ఇది కాగితం మీది జ్ఞానం కాదు. కర్ణాటకలోనూ రాయలసీమలోనూ దశాబ్దాలుగా వాడుతున్న సంకర గుడ్లలో తల్లి మైసూరు జాతి, తండ్రి బైవోల్టైన్. తండ్రి ఏ జాతైనా, గుడ్డు తల్లి తీరునే పోయి పది రోజుల్లో పగులుతుంది. తల్లినీ తండ్రినీ తారుమారు చేస్తే గుడ్డు నిద్రపోతుంది, దాన్ని లేపాలంటే గుడ్డు కేంద్రాల్లో వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొద్ది నిమిషాలు ముంచి తీయాలి. రెండింటిలోనూ జన్యువులు అవే, సగం సగం. తేడా తల్లి సర్దిన మూటలో ఉంది.

పచ్చసొన లేని అండం

మనిషి అండంలో ఇవేవీ ఉండవన్నట్టు కనిపిస్తుంది. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో పదో వంతు, పెన్సిల్ మొనతో కాగితం మీద చుక్క పెడితే అది దీనికంటే పెద్దదే అవుతుంది. పచ్చసొన అనదగ్గది ఏమీ లేదు. పంది అండాన్ని మైక్రోస్కోపు కింద పెడితే కొవ్వు బొట్లతో నల్లగా కనిపిస్తుంది, గేదె అండమూ అంతే. మనిషిదీ ఎలుకదీ తేటగా ఉంటాయి. అలాగని తల్లి ఏమీ పెట్టలేదనడానికి లేదు. పెట్టింది వేరే రకం సరుకు.

మొదటిది, రాసిపెట్టిన చీటీలు. బిడ్డ సొంత జన్యువులు మొదటి మూడు రోజులు దాదాపు నిద్రలోనే ఉంటాయి. మనిషి పిండంలో అవి మేల్కొనేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, ఆవులో ఇంకా ఆలస్యంగా ఎనిమిది నుంచి పదహారు కణాల దశలో. అప్పటిదాకా ఏ ప్రోటీన్ ఎప్పుడు చేయాలో చెప్పేవి తల్లి ముందుగా అండంలో దాచిన ఆర్‌ఎన్‌ఏ చీటీలే. రెండోది, శక్తినిచ్చే యంత్రాలు. పండిన అండంలో మైటోకాండ్రియా లక్ష పైచిలుకు ఉంటాయి, అన్నీ తల్లివే. కణం రెండుగా, నాలుగుగా చీలుతుంటే అవి పంచుకుపోతుంటాయే తప్ప, పిండం గర్భాశయానికి అంటుకునే రోజులదాకా కొత్తవి తయారుకావు. ఉమ్మడి ఆస్తిని పంచుకుంటూ పోతున్న అన్నదమ్ముల పరిస్థితి. మొదట్లో తక్కువ ఉన్నా, ఉన్నవి దెబ్బతిని ఉన్నా, ఆ లోటు మధ్యలో పూడదు.

మూడోది, పక్కవాళ్ల సాయం. ఒక్క కణంగా ఉన్నప్పుడు పిండానికి గ్లూకోజ్‌ను నేరుగా వాడుకునే శక్తి ఉండదు. దానికి కావలసింది పైరువేట్, అంటే గ్లూకోజ్‌ను సగం విరగ్గొడితే వచ్చే పదార్థం. ఎలుక అండాలతో ఈ సంగతి 1967లో తేలింది. అండం చుట్టూ మబ్బులా అంటుకుని ఉండే తల్లి కణాలు గ్లూకోజ్ తీసుకుని, విరగ్గొట్టి, పైరువేట్‌గా అండానికి అందిస్తాయి. చంటిపిల్లకి అన్నం మెత్తగా పిసికి పెట్టినట్టు. ఎనిమిది కణాలు దాటి పిండం గట్టిపడ్డాకే అది గ్లూకోజ్ మీదికి మళ్లుతుంది. బెంగళూరు రింగురోడ్డు పొడుగునా హోర్డింగులు కనిపించే ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ఒంటి బయట కలిపే) సెంటర్లలో, మూడో రోజున పిండాన్ని ఒక ద్రవం నుంచి మరో ద్రవానికి మార్చే పద్ధతి పుట్టింది ఈ అవగాహన నుంచే. ఒకే ద్రవంతో ఐదు రోజులూ నడిపే పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలో ఉంది.

ఇక్కడ బ్రిటన్ శాస్త్రవేత్త హెన్రీ లీస్ 2002లో ముందుకు తెచ్చిన ఊహ ఒకటి చెప్పుకోవాలి. బాగా బతికే పిండాలు ఎక్కువ తినేవి కావు, నెమ్మదిగా, పొదుపుగా తినేవి అని ఆయన గమనించారు. ఎగబడి తినే పిండం లోపల ఏదో మరమ్మతు చేసుకుంటూ ఉండే పిండం కావచ్చు. తల్లి దగ్గర ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనే సాధారణ నమ్మకానికి ఇది బొత్తిగా ఎదురు.

పాలు దండిగా, చూడి దండగ

ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో పలమనేరు, కుప్పం, కోలారు వైపు పాడి రైతులకి అనుభవం. ఈ పల్లెల పాలు బెంగళూరుకీ చెన్నైకీ పోతాయి. హెచ్ఎఫ్ అనే విదేశీ జాతి ఆవు ఈనింది, పాలు ఇరవై లీటర్లు దాటాయి, దాణా, పచ్చిగడ్డి దేనికీ తక్కువ లేదు. రెండు నెలలకి ఎదకొచ్చింది, చూడి కట్టడానికి వీర్యం సూది వేయించారు, నిలవలేదు. మళ్లీ ఎదకొచ్చింది, మళ్లీ సూది, మళ్లీ నిలవలేదు. రైతు అనుమానం సహజంగా సూది మీదికో డాక్టరు మీదికో పోతుంది.

జరిగింది వేరు. ఈనిన కొత్తలో పాలు పెరిగినంత త్వరగా ఆవు ఆకలి పెరగదు. పాలకి పోయే శక్తిని మేతతో పూడ్చలేక, ఒంటి కొవ్వును కరిగించి నెత్తురులోకి వదులుతుంది. వెన్ను ఎముకలు తేలడం, తోక మొదట్లో గుంట పడడం రైతు కంటికి కనిపిస్తుంది. కరిగిన కొవ్వు ఆమ్లాలు అండం పెరిగే సంచిలోని నీళ్లలోకి కూడా చేరతాయి. ప్రయోగశాలలో ఆవు అండాలను అలాంటి ద్రవంలో పండించి చూస్తే, వాటిలో పిండాలుగా ఎదిగేవి తగ్గిపోయాయి. ఈనిన కొత్తలో ఆవు చిక్కిపోతున్నప్పుడు పెరగడం మొదలుపెట్టిన అండమే రెండు నెలల తర్వాత విడుదలవుతుంది, అందుకే దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది అని 1992లో బ్రిట్ అనే శాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చారు. సూది వేసిన రోజు ఆవు తేరుకునే ఉంటుంది. అండం మాత్రం పాత రోజుల్ని మోసుకొస్తుంది. బెంగళూరు ఆడుగోడిలో ఉన్న జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ పేరులో పోషణనీ శరీరధర్మాన్నీ కలిపి పెట్టడం చాలా సబబు. ఈ రెండూ విడివిడి ఖాతాలు కావు.

నెల తప్పకముందు

తెలుగు ఇళ్లలో గర్భిణి పోషణకి ఒక క్యాలెండరు ఉంది. నెల తప్పిందని తెలిశాక పుట్టింటివాళ్లు చలిమిడి తెస్తారు. ఐదో నెలో ఏడో నెలో సీమంతం. అక్కడినుంచి ‘ఇద్దరి తిండి తినాలి’ అనే మాట మొదలవుతుంది. మారతహళ్లి ఫ్లాట్లలో కూడా ఈ క్రమం పెద్దగా మారలేదు, చలిమిడి బదులు ఒక్కోసారి కొరియర్‌లో సున్నుండల డబ్బా వస్తుంది, అంతే.

పిండం క్యాలెండరు వేరే. అండం, వీర్యకణం కలిసిన మూడో రోజుకి ఎనిమిది కణాలు, ఆరేడు రోజులకి గర్భాశయానికి అంటుకోవడం, పద్నాలుగో రోజు ప్రాంతంలో నెల తప్పడం. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. అంటే కిట్ మీద రెండు గీతలు చూసి, ఆదివారం దాకా ఆగి, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లేసరికి ఆ పని అయిపోవచ్చు. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందే మొదలుపెట్టమనడంలో ఉన్న తొందరంతా ఈ లెక్కదే.

వేవిళ్ల సంగతి కూడా ఈ క్యాలెండరులోనే అర్థమవుతుంది. రెండు నెలలు మంచినీళ్లు కూడా సయించని తల్లికి బిడ్డ ఎలా పెరుగుతుందని పెద్దవాళ్లకి టెన్షన్. మొదటి పది పన్నెండు వారాలు తల్లి నెత్తురు మావిలోకి పూర్తిగా పారదు. గర్భాశయపు పొరలోని గ్రంథులు ఊరించే ద్రవమే, అందులో గ్లైకోజెన్, కొవ్వు, ప్రోటీన్లు ఉంటాయి, పిండానికి ఆ రోజుల్లో ముఖ్యమైన ఆహారం. పిండం ఇంకా చిన్నది, దాని అవసరమూ చిన్నదే. నిన్నటి భోజనం కంటే గత కొన్ని నెలల భోజనం అప్పుడు ఎక్కువ పనిచేస్తుంది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోతే మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిందే, అది వేరే విషయం.

ఎలుకల్లో దీనికి గట్టి రుజువు 2000లో వచ్చింది. జత కట్టాక మొదటి నాలుగు రోజులు మాత్రమే తల్లి మేతలో ప్రోటీన్‌ను 18 శాతం నుంచి 9 శాతానికి తగ్గించారు. తర్వాతంతా మామూలు మేతే. పిండాల్లో కణాల సంఖ్య తగ్గింది, పుట్టిన పిల్లల్లో పెద్దయ్యాక రక్తపోటు పెరిగింది. మనుషుల్లో ఇలాంటి ప్రయోగం చేయలేం, చరిత్రే చేసింది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు పడింది. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్లను ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే, పెరుగుదలకి సంబంధించిన ఒక జన్యువు మీద ఉండాల్సిన మిథైల్ గుర్తులు (జన్యువు ఎంత పనిచేయాలో చెప్పే రసాయన గుర్తులు) తోబుట్టువుల కంటే తక్కువ కనిపించాయి.

ఆ గుర్తుల దగ్గరికి వస్తే బి12 కథ మొదలవుతుంది. దక్షిణాది శాకాహార కుటుంబాలకి ఇది ఇంటి విషయం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో ఉండే బి12 మొత్తం 2 నుంచి 5 మిల్లీగ్రాములు. ఒక ఆవగింజ బరువు. రోజుకి కావలసింది 2.4 మైక్రోగ్రాములే కాబట్టి ఆ ఆవగింజ ఏళ్ల తరబడి వస్తుంది. అందుకే లోటు కూడా ఏళ్ల తరబడి, చప్పుడు లేకుండా ఏర్పడుతుంది. ఫోలిక్ యాసిడ్ ఒంట్లో పనిచేయాలంటే ఒక మెట్టు దగ్గర బి12 చెయ్యి వేయాలి. అది లేకపోతే ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ కుటుంబపు విటమిన్) ఒక రూపంలో ఇరుక్కుపోయి, మిథైల్ గుర్తులు తయారుచేసే పని కుంటుపడుతుంది. పిండం తొలి రోజుల్లో పాత గుర్తులు చాలావరకు చెరిగి కొత్తవి రాసుకునేది సరిగ్గా ఆ వేళలోనే. గుర్తులు రాసే సిరా అప్పుడే తక్కువైతే ఆ రాత అలాగే ఉండిపోతుంది. పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో, వానాకాలంలో కడుపున పడ్డ పిల్లలకీ ఎండాకాలంలో పడ్డ పిల్లలకీ కొన్ని జన్యువుల మీద ఈ రాత తేడాగా ఉందని, ఆ తేడా తల్లి నెత్తురులోని పోషకాలతో కలిసి నడుస్తోందని పరిశోధకులు చూపించారు.

బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య సంస్థ పరిశోధకులు 2006లో, బి12 తక్కువున్న తల్లుల కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గడం ఎక్కువగా కనిపిస్తోందని ప్రచురించారు. పుణెలో జరిగిన ఒక అధ్యయనం 2008లో ఇంకో మాట చెప్పింది. బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అందరికంటే ఎక్కువ. ఫోలిక్ యాసిడ్ మానేయాలని దీని అర్థం కాదు. రెండెడ్ల బండికి ఒక ఎద్దునే మేపితే బండి పక్కకి లాగుతుంది.

ఇనుములో అదే దారి సమస్య మరో వేషంలో వస్తుంది. ఒక గర్భానికి మొత్తం మీద సుమారు ఒక గ్రాము ఇనుము కావాలి. చాలామంది ఆడవాళ్ల ఒంట్లో నిల్వ ఆ గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రభుత్వం వారానికో ఎర్ర మాత్ర ఇస్తోంది, 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఇదంతా కంచం వైపు లెక్క. దారిలో హెప్సిడిన్ అనే హార్మోన్ కాపలా ఉంటుంది. ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే హెప్సిడిన్ పెరిగి, పేగుల్లోంచి ఇనుము రాకుండా, నిల్వల్లో ఉన్నది బయటికి పోకుండా తాళం వేస్తుంది. ఊబకాయం కూడా సన్నని వాపు లాంటి స్థితే. గాదెలో ధాన్యం ఉంది, తాళంచెవి లేదు. బి2 మోయలేని లెగ్‌హార్న్ పెట్ట మళ్లీ గుర్తుకొస్తుంది.

లావుగా ఉన్న తల్లికి నిల్వలు ఎక్కువ, బిడ్డకి ఢోకా లేదు అనుకోవడానికి వీల్లేకుండా చేసింది 2015లో వచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనం. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే కొలత) 25 దాటిన తల్లుల పిండాలు గ్లూకోజ్ తక్కువ వాడుకున్నాయి, వాటి లోపల కొవ్వు ఎక్కువ పేరుకుంది, మావిగా మారాల్సిన కణాలు తక్కువ ఉన్నాయి. ఇవన్నీ మొదటి ఐదారు రోజుల్లోనే. అప్పటికి తల్లి గర్భాశయం ఆ పిండాన్ని చూసి కూడా ఉండదు, గాజు గిన్నెలోనే పెరిగింది. అండంతోపాటు వచ్చిందే ఆ తేడా.

ఇదంతా చదివి ఆడవాళ్ల నెత్తిన ఇంకో నేరం మోపడానికి బయల్దేరేవాళ్లు ఉంటారు. తండ్రి తిండి, పొగ, మందు వీర్యకణాల మీదా పనిచేస్తాయి. పైగా పిండానికి సర్దుకుపోయే గుణం ఎక్కువ, లేకపోతే మనలో చాలామంది ఉండేవాళ్లమే కాదు.

ముంబై మురికివాడల్లో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. ఆకుకూరలు, పండ్లు, పాలపొడి కలిపి చేసిన చిరుతిండిని గర్భానికి ముందునుంచే రోజూ పెట్టారు. అందరినీ కలిపి చూస్తే బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కడుపు రావడానికి 90 రోజుల ముందునుంచీ తిన్నవాళ్లలో మాత్రం బిడ్డ బరువు సగటున 48 గ్రాములు పెరిగింది. బాగా బక్కగా ఉన్న తల్లుల్లో ఆ లాభమూ కనిపించలేదు, ఒంట్లో కాస్త పట్టున్నవాళ్లలోనే కనిపించింది. నిల్వ బొత్తిగా అడుగంటిన చోట కొత్తగా వచ్చింది ముందు తల్లి ఒంటికే చాలలేదని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

ఆ 90 రోజులు ఎక్కడినుంచో ఊడిపడిన అంకె కాదు. అండాశయంలో ఒక అండం చివరి పెరుగుదల మొదలుపెట్టి విడుదలయ్యేదాకా పట్టే కాలం దాదాపు అంతే, 85 రోజులు. మాఘమాసంలో పెళ్లయి ఆ నెలలోనే కడుపు పండితే, ఆ అండం పెరగడం మొదలైంది కార్తీకంలో. పెళ్లికూతురు ఆ మూడు నెలలూ ఫొటోల్లో సన్నగా కనిపించాలని రాత్రిపూట గిన్నెడు కీరా ముక్కలతో సరిపెట్టుకుంటూ ఉంటుంది. అప్పటికి శుభలేఖలు కూడా అచ్చుకి వెళ్లి ఉండవు.